ఎనక మెట్లు

వేదాయపాళెంలో మా కల్యాణమండపానికి
ముహూర్తాలు లేని ఆషాఢం చూసి ఒక కన్ను పెట్టినారు.
పైన భోజనాల హాలు, మెట్ల మొగదల, గుమ్మం నెత్తిన,
చింతగింజంత నల్ల కన్ను.
దాని పక్కన ఎర్రంకెల పలక.
మనిషి లోపలికి పోతే ఒకటి కలుపుద్ది,
తాంబూలం తీసుకోని దిగితే ఒకటి తీసేసుద్ది.
మూడొందలు దాటితే కూత.

బిగించను మద్రాసు నుంచి వచ్చిన పిలగాడు
'ఇంక మీరు లెక్క పెట్టబళ్ళేదు పెద్దాయనా' అన్నాడు.
పందొమ్మిదేళ్ళలో నేను లెక్కపెట్టింది ఎప్పుడంట?
ఒకడు తింటా ఉంటే వాడి కుర్చీ ఎనక ఇద్దరు నిలబడి
పెరుగన్నం ఎప్పుడు కలుపుతాడా అని చూసే ఊరు మాది.
ఆ తొక్కిడిలోనే కదా, అంతకుముందు మాఘంలో,
మెట్ల కమ్మీ ఊడి పదకొండు మంది దొర్లినారు.
ఒకామె కాలు ఇరిగింది.
ఒక తాత కట్టుడుపళ్ళు మా ఆఫీసు సొరుగులో ఉండాయి,
ఇప్పటిదాకా అడగను రాలా.

కన్ను మంచిదే. అబద్ధం చెప్పను.
దానికి మొగమాటం లేదు.
శ్రావణంలో ఒకరోజు మూడొందలు నిండి కూసింది,
నేను తాడు అడ్డం కట్టినా.
తాడుకి అటుపక్క పెళ్ళికొడుకు,
బాసికం జారిపోతా, కొంగుముడి చేత్తో పట్టుకోని.
'ఎవురి పెళ్ళి సామీ ఇది?'
'మీదే సామీ. ఇద్దరు దిగనీండి.'
పెళ్ళికూతురు ఒక్కతే నవ్వింది.

కార్తీకంలో, రెండో పంక్తి నడిమధ్యన, గ్యాసు వాసన.
కన్నుకి ముక్కు లేదు, నాకుంది.
మైకులో చెప్పినాం. పరిగెత్తనీలా, తోసుకోనీలా.
రెండొందల ఎనభై నాలుగు.
నూట పది.
ఆరు.
ఒకటి (చెప్పులు ఎతుక్కుంటా ఎవరో మేనమామ).
సున్నా.
మేనేజరు కోదండం పలక కేసి చూసి దండం పెట్టినాడు.
ఫోనులో ఓనరుకి చెప్పినాడు: 'సున్నా అండీ, అంతా బయటే.'

మరి సాంబారు గుండిగ కాడ వంటమేస్త్రి?
ఎంగిలాకులెత్తే పెంచలమ్మ?
గ్లాసులు కడిగే కావలి అన్నదమ్ములు,
జనరేటరు తిప్పే మస్తాను?
వాళ్ళు ఎనక మెట్ల మీద వస్తారు.
ఇనప మెట్లు, జిడ్డు, ఆడ కన్ను లేదు.
ఎవురి లెక్కలో ఎక్కకుండానే ఎక్కి
ఎవురి లెక్కలో దిగకుండానే దిగిపోతారు.

పోయినా ఎనక్కి. మోకాలి నొప్పి ఏమైందో తెలవదు.
పేర్లు పెట్టి పిలిచినా.
చీకట్లో ఒక్కో గొంతు 'ఆ' అంటే ఒక్కో వేలు ముడిచినా.
వేళ్ళయిపోయి మళ్ళా మొదట్నించి.
పద్దెనిమిది.
సాయంత్రం టీ పోయించింది పందొమ్మిదికి.
పెంచలమ్మ కూతురు నీలవేణి
స్టోరు గదిలో బియ్యం బస్తాల మీద
పుస్తకం మొగం మీద బోర్లించుకోని నిద్రపోతా ఉంది.
పొద్దున్నే ఏదో పరీక్షంట.

ఏమీ పేలలా. రబ్బరు పైపు చీలింది, అంతే.
గంటకి మూడో పంక్తి లేసింది.
పప్పు చల్లారిందని మగపెళ్ళివారు అలిగినారు.

మర్నాడు మద్రాసు పిలగాడికి ఫోను చేసినా,
ఎనక గుమ్మానికీ ఒక కన్ను కావాలని.
'అది వచ్చే విజిటర్ల కోసం కదా పెద్దాయనా,
ఎనక మెట్లు ప్లానులోనే లేవే' అన్నాడు.
కొటేషను మాత్రం పంపినాడు.
కోదండం సొరుగులో ఉంది, కట్టుడుపళ్ళ పక్కన.

నేనే ఇనప తలుపుకి
దారంతో సుద్దముక్క వేలాడదీసినా.
ఎక్కేటప్పుడు గీత గియ్యాల, దిగేటప్పుడు తుడిచెయ్యాల.
మస్తాను తుడవడం మర్చిపోతాడు,
ఇంటికి ఫోను చేసి తిడతా.

రాత్రి ఒకటిన్నరకి ముందు పలక సున్నా చూపిస్తది.
అబద్ధం కాదు, దానికి తెలిసినంత అది చెప్పుద్ది.
ఎనక్కి పోయి తలుపు మీద చెయ్యి పెట్టి చూస్తా.
ఇంకా రెండు గీతలు.
లోపల గుండిగ తోమతా ఉండే చప్పుడు.
తాళంచెవి జోబులో ఏసుకోని
కింద మెట్టు మీద కూర్చుంటా.